అక్కను దాచిన లాడ్జి

డెబ్బై ఎనిమిదిలో దసరా సెలవులు ఇచ్చిన రోజే అక్క హసన్‌పర్తికి వచ్చింది. నేను అక్కడి బడిలో టీచర్ని. పిల్లలందరూ వెళ్ళిపోయాక తాళం వేస్తుంటే, గేటు దగ్గర గోడకు ఆనకుండా నిటారుగా నిలబడి కనిపించింది. ఎందుకలా నిలబడిందో దగ్గరికి పోయాక తెలిసింది. జాకెట్ వీపుకు అతుక్కుపోయి, నెత్తురు ఎండి, గుడ్డ అట్టలాగా బిగుసుకుంది. ఎడ్లను తోలే చర్నకోలతో కొట్టాడు బావ. రఘునాథపల్లి నుంచి రెండు బస్సులు మారి, సీటుకు వీపు తగలనీయకుండా వచ్చింది.

ఏమైందని అడిగితే, "కూర చల్లారిందన్నడు" అంది. నేను తాళం వేసి వచ్చాక, "చల్లారలే" అంది.

దవాఖానలో నర్సు గోరువెచ్చని నీళ్ళతో గుడ్డను తడిపి తడిపి వీపు మీది నుంచి ఊడదీసింది. అక్క కొంగు నోట్లో కుక్కుకుంది గాని అరవలేదు. కట్టు కట్టించుకుని బయటికి వచ్చాక నా గదికి పోదామన్నాను.

"నీ రూముకు వద్దు చెల్లె. ముందుగాల ఆడికే వస్తడు."

వర్ధన్నపేటలో అమ్మ దగ్గరికి పోదామంటే అక్కడ అన్న ఉన్నాడు. ఆడపిల్ల మొగుణ్ణి వదిలి వస్తే ఊళ్ళో తల ఎత్తుకోలేమనే మనిషి. అప్పటికే రెండుసార్లు అక్కను తనే వెంటబెట్టుకుని పోయి రఘునాథపల్లిలో దించి వచ్చాడు. అప్పుడు నాకు హన్మకొండలో వెయ్యి స్తంభాల గుడి వెనక సందులో ఉన్న లాడ్జి గుర్తొచ్చింది. పై ఊళ్ళ నుంచి గుడీ కోటా చూడటానికి వచ్చేవాళ్ళు దిగే చోటు. కెమెరాలు మెడలో వేసుకున్న వాళ్ళ మధ్య పల్లెటూరి ఆడదాన్ని ఎవరు వెతుకుతారు?

అది ఆరు గదుల పాత బంగళా. కాజీపేటలో రైల్వే గార్డుగా చేసి చనిపోయిన ఒకాయన భార్య దాన్ని నడిపేది. క్రైస్తవురాలు, అరవై దాటిన మనిషి. బయట సందులో రిక్షాల గంటలు, బస్సులు దిగిన జనం కేకలు, కొబ్బరికాయలు అమ్మేవాళ్ళ అరుపులు. గేటు మూస్తే లోపల పిచ్చుకల చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. ఆవిడ అక్కను కింది నుంచి పైదాకా చూసింది.

"కింద రూం తీస్కోండ్రి. మెట్లెక్కే పనుండదు" అంది. ఇంకేమీ అడగలేదు.

అక్క మొదటి రెండు రోజులు బోర్లా పడుకునే ఉంది. తెల్ల దుప్పటికి మరకలు అంటుతాయని మంచం దిగి బండల మీద పడుకునేది. ఆవిడ చూసి, "దుప్పట్లు ఉతకడానికే ఉన్నయి బిడ్డా, పైకెక్కు" అని తనే చెయ్యి పట్టి లేపి పడుకోబెట్టింది. మూడో రోజు అక్క వరండాలోకి వచ్చి కూర్చుంది. ఎవరో పింగాణీ కప్పులో చాయ్ తెచ్చి చేతికిస్తే తాగడం ఆమెకు అదే మొదలు. కప్పు పగులుతుందేమోనని రెండు చేతులతో పట్టుకుంది.

ఆ రోజే నేను ఒక తప్పు చేశాను. బతుకమ్మకు మేమిద్దరం ఇంటికి రామని, అక్క నా దగ్గరే క్షేమంగా ఉందని, గుడి వెనక లాడ్జిలో ఉన్నామని అమ్మకు కార్డు రాశాను. పండక్కి ఇద్దరు బిడ్డలూ రాకపోతే అమ్మ ఎంత అల్లాడుతుందో అన్న ఆలోచనే గాని, అమ్మకు చదువు రాదని, కార్డు చదివి వినిపించేది అన్నే అని ఆ నిమిషాన నాకు తట్టలేదు.

ఎనిమిదో రోజు పొద్దున పదింటికి బావ వచ్చాడు. అక్క తల స్నానం చేసి వరండాలో జుట్టు ఆరబెట్టుకుంటోంది. ఆ పక్కనే బల్ల మీద ఆవిడ బొగ్గుల ఇస్త్రీ పెట్టెతో దిండు గలీబులు ఇస్త్రీ చేస్తోంది. అవతలి చివర ఒక బెంగాలీ ముసలాయన పేపరు చదువుకుంటున్నాడు. నేను గదిలో ఉన్నాను. తలుపు తెరిచే ఉంది.

"నడువ్, ఇంటికి పోదాం" అన్నాడు. గొంతు మెత్తగానే ఉంది.

అక్క కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

"మీ అన్ననే చెప్పిండు ఈడున్నవని. తీస్కపొమ్మన్నడు."

"నేను రాను" అంది అక్క.

తడి జుట్టు చేతికి చుట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. అక్క కుర్చీతో సహా పడింది. అలాగే వరండా మెట్ల మీదుగా కిందికి ఈడ్చాడు. మానుతున్న వీపు రాతి అంచులకు గీసుకుని పుండ్లన్నీ మళ్ళీ చిట్లాయి. ఆవిడ అడ్డం వెళ్ళి, "జర ఆగయ్యా, మనిషివేనా నువ్వు" అంటూ అతని చెయ్యి పట్టుకుంది. ఆ ముసలామెను రెండు చేతులతో తోసేశాడు. ఆవిడ మెట్ల మీద పక్కకు పడి, లేవలేక అక్కడే ఉండిపోయింది. బెంగాలీ ఆయన లేచి తన గదిలోకి పోయి గడియ పెట్టుకున్నాడు.

నేను ఉరికి వచ్చి బావ చెయ్యి కొరికాను. పిడికిలితో నా మూతి మీద గుద్దాడు. పన్ను విరిగి నాలుక మీద పడింది. అతను నా వైపు తిరిగినప్పుడు అక్క జుట్టు మీద పట్టు వదిలింది. ఆమె పాకుతూ మెట్లెక్కి, బల్ల పట్టుకుని లేచి, ఇస్త్రీ పెట్టె ఎత్తి, కింది మెట్ల దగ్గరున్న అతని భుజం మీద వేసింది. ఒక్కటే దెబ్బ. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. పెట్టె మూత ఊడి బొగ్గులు అతని ఛాతీ మీద చిమ్మాయి. కేక పెట్టి కింద పడ్డాడు.

అక్కడితో అయిపోవాల్సింది. నేను కానివ్వలేదు. పడ్డ మనిషిని తన్నడం మొదలుపెట్టాను. డొక్కలో తన్నాను, ముఖం మీద తన్నాను. ఉట్టి కాళ్ళతో బొగ్గులు తొక్కుతున్నా మంట తెలియలేదు. అతను చెయ్యి అడ్డం పెట్టుకుంటే ఆ చేతి మీదే తన్నాను. నిజం చెప్పాలి, అప్పుడు నాకు హాయిగా ఉంది. ఎనిమిది రోజులుగా ఆ వీపుకు మందు రాస్తూ నేను మింగిందంతా కాళ్ళలోకి దిగింది.

"చాలు చెల్లె. సచ్చిపోతడు" అని అక్కే నన్ను వెనక నుంచి పట్టి లాగింది. ఆమె నెత్తురు నా చీరకంతా అంటింది. పదేళ్ళు దెబ్బలు తిన్న మనిషి ఒక్కసారి కొట్టి ఊరుకుంది. ఆ రోజు దాకా ఏనాడూ దెబ్బ తినని నేను ఆగలేకపోయాను.

గేటు దగ్గర జనం మూగారు. ఇద్దరు రిక్షావాళ్ళు బావను దవాఖానకు తీసుకుపోయారు. పోలీసుల దగ్గరికి పోతాడని మేము భయపడ్డాం గాని పోలేదు. పెళ్ళాం కొడితే ఎముక విరిగిందని చెప్పుకోవడానికి నామోషీ పడి, ఎడ్లబండి మీది నుంచి పడ్డానని ఊళ్ళో చెప్పాడట.

మధ్యాహ్నానికల్లా లాడ్జిలో దిగినవాళ్ళంతా పెట్టెలు సర్దుకుని వెళ్ళిపోయారు. మా వల్లే కదా అని మేమూ సంచి సర్దుకుని, చెప్పిపోదామని ఆవిడ గదికి వెళ్ళాం. అప్పటికే డాక్టరు వచ్చి చూసి, ఆవిడ తుంటి ఎముక బీట వారిందని, నెలన్నర మంచం దిగొద్దని చెప్పిపోయాడు.

"ఏడికి పోతాన్నరు?" అంది ఆవిడ.

అక్క తల వంచుకుంది. "నా వల్ల మీకింత అయింది పెద్దమ్మా."

"నీ వల్ల ఎందుకైతది, తోసింది వాడు. నేను లేసేదాక ఈ ఇల్లు ఎవరు చూస్తరు? సంచి లోపల పెట్టు."

నెలన్నర కోసం ఉన్న అక్క పదకొండేళ్ళు ఉంది. వంట నేర్చింది, గిరాకీలతో మాట్లాడటానికి హిందీ నేర్చింది. ఆ దసరా పోయాక అమ్మ ఒక్కతే బస్సెక్కి వచ్చి, అక్క వీపు చూసి, తన కొంగుతో కప్పింది. "కార్డు నేనే సదివిచ్చుకున్న బిడ్డా, వాడు పోయి చెప్తడని ఎరకలే" అంది. రాసిన తప్పు నాదని నేను, చదివించుకున్న తప్పు తనదని అమ్మ చాలా ఏళ్ళు అనుకున్నాం. అన్న మాత్రం ఎన్నడూ ఏమీ అనుకోలేదు. మాతో మాట్లాడటం మానేశాడు, అంతే.

ఎనభై ఐదు ప్రాంతంలో ఒకసారి కాజీపేట స్టేషన్లో అక్కకు బావ ఎదురుపడ్డాడు. ఒక భుజం కిందికి దిగి ఉందట. కాసేపు నిలబడి చూసి పక్క ప్లాట్‌ఫాం మీదికి పోయాడట. ఈ సంగతి అక్క నాకు కూరగాయల ధర చెప్పినట్టు చెప్పి, బియ్యం కడగడానికి లోపలికి వెళ్ళిపోయింది. నేను మాత్రం ఆ మెట్ల వైపు చూస్తూ అక్కడే వరండాలో కూర్చుండిపోయాను.