నా పేరుతో వదిలేసిన నేల

మా నాన్నది పాత ఊళ్ళో స్టీలు సామాన్ల కొట్టు. మంచి సరుకుని ఆయన ముందే బల్ల మీద పెట్టేవాడు కాదు. బేరం తెగక, వచ్చినావిడ లేచి చెప్పుల్లో కాళ్ళు పెట్టాక, "సరే, మీరు కాబట్టి చూపిస్తాను" అంటూ పై అర కోసం నిచ్చెన ఎక్కేవాడు. పక్కన బాబాయిది బట్టల కొట్టు, ఎదురుగా మేనమామది కిరాణా. పెళ్ళిసంబంధమైనా, పెరట్లో అరటిగెలైనా, మొదటి మాటకే ఒప్పుకున్నవాణ్ణి మా వాళ్ళు జ్వరం వచ్చినవాణ్ణి చూసినట్టు జాలిగా చూసేవారు.

ఆ పెంపకంతో వెళ్ళి సీతమ్మధారలో ఒక ఆర్కిటెక్టు మేడమ్ గారి ఆఫీసులో చేరాను.

మా ఆఫీసులో ఒక బిల్డింగు మీద నలుగురైదుగురం ఒకేసారి పనిచేస్తాం. సర్వర్లో ఒక పెద్ద ఫైలు ఉంటుంది. పని మొదలెట్టేముందు ఎవరి మిషన్లోకి వాళ్ళం దాని కాపీ తెచ్చుకుని గీసుకుంటాం. సింక్ కొడితే మనం గీసింది పెద్ద ఫైల్లోకి వెళుతుంది, మిగతావాళ్ళు గీసింది మనకు వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. నేను ఒక గోడ మీద చెయ్యి వేశానంటే, సింక్ కొట్టి వదిలేదాకా అది నాదే. ఇంకొకడు ముట్టుకోబోతే "ఫలానా వాడి దగ్గర ఉంది" అని నా పేరు చూపిస్తుంది.

నా పేరు అలా కనిపించడం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. నాన్న పై అర నాకు కంప్యూటర్లో దొరికింది. సింక్ కొట్టడానికి ఏ గంటకాగంట వెల కట్టేవాణ్ణి. నువ్వు కిటికీ పెద్దది చెయ్యి, నేను గోడ వదుల్తాను. నువ్వు పైపు పక్కకి జరుపు, నేను మెట్లు వదుల్తాను. ఇదంతా తెలివి అనుకున్నాను.

అప్పట్లో మా చేతిలో ఉన్నది ఒక చేపల మార్కెట్ షెడ్డు. తీరం పక్కన, పాత రేకుల కింద ఇరవై నాలుగు మంది ఆడవాళ్ళు కూర్చుని అమ్ముకునే చోటు. దాన్ని కొత్తగా కట్టించే కమిటీ దగ్గర ఒక రెడీమేడ్ ప్లాను ఉంది. నడుమెత్తు సిమెంటు గట్టు, దాని వెనక నిలబడి అమ్మడం. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. కానీ వాళ్ళు చేప కోసేది కత్తిపీట మీద. పీటని కాలితో తొక్కిపట్టి, రెండు చేతులతో చేపని కత్తికి ఒత్తుతారు. నిలబడి ఎలా కోస్తారు?

ఇదే మాట వాళ్ళ తరఫున మాట్లాడే పెద్దావిడ మేడమ్‌ని అడిగింది. మార్కెట్లో అందరూ ఆవిణ్ణి అప్ప అంటారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. మేడమ్ కమిటీతో మాట్లాడి, శుక్రవారం పొద్దున పదకొండుకి మా ప్లాను చూపిస్తామని ఒప్పించారు. అప్పటికి సిద్ధంగా లేకపోతే నడుమెత్తు గట్టే ఖాయం.

నేను అంతకుముందు వారం అక్కడికి వెళ్ళి, నేల మీద సుద్దముక్కతో గీతలు గీసి, ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి కొలిచాను. ఎంత ఎత్తు పీట, కాలు చాపడానికి ఎంత, నీళ్ళు ఎటు పోవాలి, గంప ఎక్కడ, ఐసు డబ్బా ఎక్కడ. సోమవారం నుంచి బుధవారం దాకా ఆ ఇరవై నాలుగు చోట్లూ గీశాను. ఒక్కసారి కూడా సింక్ కొట్టలేదు.

ఎందుకంటే బేరం నడుస్తోంది. స్తంభాలూ పునాదులూ చూసేది మా ఆఫీసులోనే ఇంకొకతను. రోజూ పద్మనాభం అనే ఊరి నుంచి బస్సులో వస్తాడు. అతని స్తంభాలు రెండు సరిగ్గా నా చోట్ల ముందుకొచ్చి నిలబడ్డాయి. వాటిని జరపమన్నాను. జరపాలంటే అతనికి నేల కావాలి. ఆ నేల నా చేతిలో ఉంది.

"నేల ఒగ్గెయ్ బావా. స్తంభాలు జరుపుతాను."

"ముందు జరుపు. తరవాత వదుల్తాను."

"నేల లేకుండా ఎలాగ జరుపుతాన్రా బాబూ? గాల్లోనేటి?"

"అది నీ ఇష్టం."

మూడు రోజులు టీ కొట్టు దగ్గర ఇదే మాట. గెలుస్తున్నాననే నా నమ్మకం.

బుధవారం మధ్యాహ్నం ఇంకో పని మీద సబ్బవరం వెళ్ళాను. నాలుగున్నరకి అతని ఫోను. "బావా, ఐదూ నలభై ఐదుకి నా బస్సు. నేల ఇప్పుడు ఒగ్గితే స్తంభాలు సూసుకుని ఎల్లిపోతాను." నేను ఊళ్ళో లేను, వదలడం కుదరదు, రేపు మాట్లాడుకుందాం అన్నాను. ఇంకా బిగిద్దామని లోపల సంతోషం.

అతను ఏం చేశాడంటే, ఖాళీగా ఉన్న ఒక మిషన్లో కూర్చుని, పేరు అడిగిన చోట నా పేరు కొట్టాడు. మా సాఫ్ట్‌వేర్ అమాయకురాలు, పేరు చెబితే నమ్మేస్తుంది. నా చేతిలో ఉన్నవన్నీ నా పేరుతోనే వదిలేశాడు. స్తంభాలు జరిపాడు. బస్సెక్కాడు.

గురువారం పొద్దున నేను సింక్ కొడితే తెర మీద ఒక డబ్బా వచ్చింది. ఇవేవీ ఇప్పుడు మీ చేతిలో లేవు, మీ మార్పులు తీసుకోలేను అని. దాని కింద ఇంకా నాలుగు లైన్లున్నాయి. అవతలివాడి కనుబొమ్మ కదలికని చదివే నేను, ఆ నాలుగు లైన్లు చదవలేదు. మూసేసి, పెద్ద ఫైలు నుంచి కొత్త కాపీ తెచ్చుకోబోయాను. మీ పేరుతో పాత కాపీ ఒకటుంది, దాని మీద దీన్ని పెట్టెయ్యమంటారా అని అడిగింది. కొత్త సరుకొచ్చాక పాతది అరలో ఎందుకు? పెట్టెయ్యమన్నాను.

ఫైలు తెరుచుకుంది. రెండు స్తంభాలూ నేను అడిగిన చోటికి, అంగుళం తేడా లేకుండా జరిగి ఉన్నాయి. గెలిచాను అనుకున్నాను. ఆ సంతోషం అరనిమిషం ఉంది. కిందికి జరిపి చూస్తే నేల చదునుగా, ఖాళీగా ఉంది. ఒక్క పీట లేదు. ఒక్క కాలవ లేదు.

అతను బ్యాగు దించకముందే మీద పడ్డాను. నా పేరు వాడడానికి నువ్వెవడివన్నాను, మూడు రోజుల పని మింగేశావన్నాను. మేడమ్ వచ్చి నా మిషన్ ముందు కూర్చుని, ఒక్క ప్రశ్న అడిగారు.

"పాత కాపీ ఏది?"

చెప్పాను.

"అది ఉండి ఉంటే విడిగా తెరిచి, నువ్వు గీసినవన్నీ ఇందులోకి తెచ్చుకునేవాళ్ళం. అతను పేరు వాడడం తప్పే. దానికి అతన్ని నేను అడుగుతాను. పని పోగొట్టింది మాత్రం నువ్వు."

కంప్యూటర్లు చూసే అతన్ని పిలిపించారు. బ్యాకప్పుల్లో వెతికితే, పోయిన శనివారం నాటి ఖాళీ నేలే దొరికింది. కొలతలు రాసుకున్న కాగితాలు అడిగారు. నీచు వాసన కొడుతున్నాయని ఇంట్లో ఎప్పుడో అవతల పడేశారు.

గురువారం పదిన్నర. రేపు పదకొండుకి మీటింగు.

"పద బావా," అన్నాడతను, ఆఫీసు బండి హెల్మెట్టు అందుకుంటూ. "టేపు నా దగ్గరుంది."

అక్కడికి వెళ్ళేసరికి మార్కెట్టు పలచబడింది. నేల కడిగేశారు, సుద్దగీత ఒక్కటి లేదు. అప్ప గంప బోర్లించి దాని మీద కూర్చుని ఉంది.

"ఏటి బాబూ, మళ్ళీ వచ్చీసినావు? కొలతలు తీసికెల్లినావు కదా."

"పోయాయి అప్పా."

"పోయాయా? ఎక్కడికెల్లాయి?"

చెప్పాను. సింక్ గురించి, చేతిలో పెట్టుకోవడం గురించి, బేరం గురించి. ఎందుకో అంతా చెప్పేశాను. ఆవిడ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది.

"సుద్దగీతలు కడిగితే పోయాయి. మావేటి పోనాం? రండే, కూకోండి!"

మిగిలినవాళ్ళు వచ్చి ఎవరి చోట వాళ్ళు కూర్చున్నారు. నేను గీసిన రోజు నుంచీ అలాగే కూర్చుంటున్నారట, ఎలా ఉంటుందో చూద్దామని. తూర్పు వరస మాత్రం నేను గీసినట్టు లేదు.

"పొద్దున్న ఎండ మొకం మీద కొట్టింది. పక్కకి తిరిగాం. నీళ్ళు కూడా ఇటే బాగా పోతన్నాయి," అందావిడ. పోయిన ప్లానులో నేను ఆ పన్నెండు మందినీ ఎండకి ఎదురుగా కూర్చోబెట్టాను.

అతను టేపు కొస పట్టుకున్నాడు, నేను చదివాను, అతను అప్పటికప్పుడు ఫోన్లో కొట్టి ఆఫీసుకి పంపాడు. అన్నీ అయ్యాక, నా చెయ్యి పట్టుకుని ఆపింది అప్ప.

"ఇన్ని ఇచ్చాను కదా, నాకేటిత్తావు?"

అసలు బేరగత్తె ఎవరో అప్పుడు తెలిసింది. ఏం కావాలన్నాను.

"ఇంకో సోటు. ఎవుల పేరా ఉండకూడదు. పడవ ఆలీసమై వచ్చినమ్మ ఉంటాది, కొత్తగా వచ్చినమ్మ ఉంటాది. అమ్ముకుంటాది, గంప ఖాళీ అయితే లేచిపోద్ది."

"ఇప్పుడు ఎక్కడ కూర్చుంటారు అలాంటివాళ్ళు?"

"మా సోట్లోనే. నా గంప అయిపోతే నాను లేవనా? సోటట్టుకుని కూకుంటే సేపలమ్ముడవుతాయేటి?"

పద్మనాభం బావ నా వైపు చూడకుండా సముద్రం వైపు చూశాడు. ఆ మర్యాదకి ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

రెండింటికల్లా ఆఫీసులో ఉన్నాం. మూడు రోజులు పట్టిన పని ఆ ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది. మొదటి మూడు రోజుల్లో సగం నేను టీ కొట్టు దగ్గర బేరమాడుతూ గడిపానని అప్పుడు లెక్క తేలింది. ఒక్కో వరస అవగానే సింక్ కొట్టాను. కొట్టిన ప్రతిసారీ అవతలి బల్ల నుంచి "వచ్చింది బావా" అని వినిపించేది. అతను వెంటనే వాటి కింద వాలు సరిచేసి పంపేవాడు. ఐదూ నలభైకి అతను బ్యాగు తగిలించుకునేసరికి ఇరవై ఐదో చోటు కూడా పెద్ద ఫైల్లో ఉంది.

శుక్రవారం మీటింగులో, పాత అలవాటున, ఎండ సంగతి చివరిదాకా దాచుకుందామనిపించింది. దాచుకోలేదు. ముందే అన్నీ తెరిచి పెట్టాను. కమిటీలో ఒకాయనకి నడుమెత్తు గట్టు మీదే మనసుంది, కడగడం తేలికని. వాలు ఎటుందో పద్మనాభం బావ చూపించాడు. చివరికి ఒక వరస కట్టి వాడి చూద్దాం, రెండోది వానలయ్యాక అన్నారు. సగమే. మా నాన్న అయితే చెప్పుల్లో కాళ్ళు పెట్టేవాడు. నేను సరే అన్నాను. ఎవరి పేరా లేని చోటు మాత్రం మొదటి వరసలోనే ఉండాలన్నాను. ఒప్పుకున్నారు.

పోయిన నెల మేస్త్రి ఇటుకలతో ఒక చోటు నమూనా కట్టాడు. అప్ప వచ్చి కూర్చుని, కత్తిపీట పెట్టుకుని, కాలు వేసి, ఉత్త చేతులతోనే చేప కోస్తున్నట్టు చేసి చూసింది. లేచింది. మళ్ళీ కూర్చుంది.

"బాగుంది గానీ, కాలికాడ రెండు వేళ్ళంత లోపలికి."

అక్కణ్ణుంచే అతనికి ఫోను చేశాను. నేల నీ చేతిలో ఉంటే కాస్త వదలవా, రెండంగుళాలు మార్చాలి అన్నాను.

"నాను పొద్దున్నే ఒగ్గీసినాను బావా," అన్నాడు. "నువ్వే వచ్చి తీసుకో."