కుర్చీ వదిలాడు, చాబి వదల్లేదు

మా ఊరు పెద్దేముల్ నుంచి షేర్ ఆటోలో అరగంట. అక్కడ ట్యాంకు నీళ్లు వదిలే వాటర్‌మన్నే మా వార్డు మెంబరు కూడా. పంచాయతీ జీతం తీసుకునేవాడు మెంబరుగా ఎలా నిలబడ్డాడని ఎన్నికలప్పుడు ఎవరూ అడగలేదు. అడిగేంత చదువు నాకు లేదు. చదువుకున్నవాళ్లకు నోరు లేదు.

అతని చేతిలో ఎప్పుడూ ఒక పొడవాటి ఇనుప చాబి ఉండేది. వాల్వులు తిప్పేది దానితోనే. పెళ్లికి పోయినా చావుకు పోయినా అది చంకలోనే.

ఆ ఎండాకాలం నా బిడ్డ కాన్పుకు వచ్చింది. తాండూరు ఆసుపత్రి నుంచి బాలింతను, పసిదాన్ని ఇంటికి తెచ్చిన రోజునుంచే మా నల్లా ఎండిపోయింది. మాది గల్లీ చివరి ఇల్లు. పాపకు స్నానం, బాలింత బట్టలు, అన్నిటికీ పొలంలోని బోరు దగ్గర నుంచి బిందెలు మోశాను. దారిలో అతను కనబడితే చెప్పాను.

"నేను ఇప్పుడు డ్యూటీల ఉన్న. గ్రామసభల మెంబరుకు చెప్పుకో పెద్దమ్మా," అని నవ్వాడు.

సభకు పోయాను. మెంబర్లు కుర్చీల్లో కూర్చుంటారు, పంచాయతీ పనివాళ్లు తలుపు దగ్గర నిలబడతారు. ఇతను కుర్చీలో ఉన్నాడు. నేను లేచి నీళ్ల మాట ఎత్తాను.

"వాటర్‌మన్‌ను అడుగుత పెద్దమ్మా," అన్నాడు, పెద్దమనిషిలా ముఖం పెట్టి.

"ఇప్పుడే అడుగు కొడుకా. దూరం గూడ లేడు గదా."

ఆడవాళ్లు నవ్వే నోళ్లకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

"లైన్ల ప్రెషర్ లేదు."

"గీ మాట మెంబరుదా, వాటర్‌మన్‌దా? వాటర్‌మన్‌దైతే లేచి గా తలుపు కాడ నిలబడి చెప్పు."

లేవలేదు. మోకాళ్ల మీది చాబిని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

సభ అయ్యాక కార్యదర్శి నన్ను పక్కకు పిలిచాడు. ఒకే మనిషి ఈ రెండూ చేయకూడదట. ఎవరైనా రాసిస్తే పైకి పంపుతాడట.

"ఇన్ని దినాలు మీకు ఎరుక లేదా సారూ?"

"ఎవ్వరు రాసియ్యలేదమ్మా."

ఎవరు రాస్తారు? రాసినవాడి గల్లీకి మర్నాడు నీళ్లు రావు. మీసాలు దువ్వుకునే మగవాళ్లంతా ఒక ఇనుప ముక్కకు భయపడి బతికారు. మా నల్లా ఎలాగూ ఎండే ఉంది, నా దగ్గర ఇంకేం ఎండబెడతాడు? పాపను ఒళ్లో పెట్టుకునే నా బిడ్డ కాగితం రాసింది. కింద నేను సంతకం గీశాను.

నెల తిరగకముందే ఆఫీసరు వచ్చాడు. రెండిట్లో ఒకటి వదలమన్నాడు, అందరి ముందే. కావాలంటే ఇంటికి పోయి ఆలోచించుకోమన్నాడు కూడా. మెంబరుగారికి ఆలోచన అక్కరలేకపోయింది. కుర్చీ వదిలాడు, చాబి వదల్లేదు. ఊరు ఓటేసి ఇచ్చినదానికి అతను కట్టిన విలువ అంత. మేమే ఎండలో వరుసకట్టి, వేలికి సిరా పూసుకుని, ఏదో పెద్దది ఇచ్చామనుకున్నాం.

మర్నాడు పొద్దున్నే మా గల్లీ వాల్వు దగ్గర వంగి కనబడ్డాడు. నల్లా కాసేపు దగ్గింది, ఎర్రనీళ్లు కక్కింది, తర్వాత సన్నటి ధార. లేని ప్రెషర్ రాత్రికి రాత్రే ఎక్కడినుంచి వచ్చిందో!

"కోపం పెట్టుకోకు పెద్దమ్మా. నీ మనుమరాలికే మొదలు నీళ్లు ఇడ్సిన."

"ఒక మంచి మాట అనరాదా అమ్మా," అంది బిడ్డ లోపలినుంచి.

నల్లా కింద బిందె పెట్టాను.

"సగమే తిప్పినవ్," అన్నాను. "చివరిదాంక తిప్పు."