అవ్వ కడిగిన రాళ్లు

మొన్న సాయంత్రం మా మేడమీద అద్దెకుంటున్న అమ్మాయి, రసాయనశాస్త్రంలో డాక్టరేటు చేస్తున్న పిల్ల, మిఠాయి పొట్లం పట్టుకొని దిగివచ్చి, తన ఉపకారవేతనం ఇంకో ఏడాది పొడిగించారని చెప్పింది. మా పల్లెలాంటి పల్లె నుంచే వచ్చిన పిల్ల కదా, నా కడుపు నిండిపోయింది. మీ రోజుల్లో మీకెవరు సాయం చేశారు తాతా అని అడిగింది. సర్కారువారనవచ్చు, మా గురువుగారనవచ్చు, రెండూ నిజమే. కానీ నా నోటికి ముందుగా వచ్చింది దూదేకుల అవ్వ. ఆ సంగతి మన ఈడువాళ్లకైతే ఇట్టే అర్థమవుతుంది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. కచేరీలు డేరాల్లో నడిస్తేనేం, మాకూ ఒక రాజధాని ఉందని మీసం మెలేసేవాళ్లం. మా మాదిగపల్లెలో కాలేజీ గడప తొక్కినవాణ్ణి నేనొక్కణ్ణే. భూగర్భశాస్త్రంలో పరిశోధన అంటే ఏమిటో మా నాయనకు ఎలా చెప్పాలో తెలియక, రాళ్ల చదువు నాయనా అన్నాను. మన సీమలో వాటికేం కొదవలే అన్నాడు ఆయన. నన్ను చేర్చుకోవడానికే కొందరు పెద్దలు ముఖం చిట్లిస్తే, మా గురువుగారు, మహా కోపిష్టి, వీడు పూర్తిచేస్తాడు, పూచీ నాది అని నిలబడ్డారు. ఎండాకాలంలోగా నేను రాళ్లు చేర్చకపోతే ఉపకారవేతనం ఆగిపోతుంది, ఆయన మాట పోతుంది, నా వెనక మావాడెవడొచ్చినా ఆ తలుపు తెరుచుకోదు. ఆ బరువంతా నెత్తిన పెట్టుకొని మైదుకూరు పక్క కొండల్లో పడ్డాను.

ఏ ఊరు పోయినా మొదటి మాట, మీరేమోళ్లప్పా అని. అబద్ధం చెప్పడం నాకు చేతకాలేదు. చెప్పగానే చెంబు ఎత్తుకు లేచేది, దోసిలి పట్టి తాగాలి. మా నాయన, ఎద్దులతో బావినీళ్లు తోడే కపిలలకు తోలుబానలు కుట్టేవాడు, అలాంటి తోలుబానతోనే తోడిన నీళ్లు మాకు మాత్రం పైనుంచి పోసేవాళ్లు! ఒళ్లు మండిపోయేది. ఈ చదువుకు నీళ్లొదిలి ఇంటికి పోదామని గట్టిగా అనుకున్న రోజునే, ఒక పల్లెలో మిట్టమధ్యాహ్నం ఒక దూదేకులవారి పంచ నీడన నిలబడ్డాను. లోపలినుంచి ఒక ముసలామె వచ్చి, ఏమీ అడగకుండా నిండు చెంబు నా చేతిలో పెట్టింది. తాగేశాక నా మనసు ఒప్పక, నేనెవరినో చెప్పాను.

“అయితే ఏమప్పా, సంగటి తినవా?” అంది అవ్వ.

ఆ పూట నుంచి ఆ పంచే నా ఇల్లయింది. తాత, అంటే ఆమె పెనిమిటి, దూదేకుతుంటే నా నెత్తంతా తెల్లబడేది. తెచ్చిన ప్రతి రాయికీ అది ఏ కొండదో, ఏ పొరదో రాసిన కాగితం ముక్కను పిండి జిగురుతో అంటించి మూలన పేర్చేవాణ్ణి. వజ్రాలు వెతుకుతున్నాడని ఊరంతా గుసగుసలు పోతే, అవ్వ వాళ్లను దులిపేసింది.

పని ఒక కొలిక్కి వచ్చాక, చూసిపోతానని గురువుగారు కబురు పంపారు. నేను మైదుకూరు బస్సు దగ్గరికి ఎదురుపోయాను. అంత పెద్దసారు వస్తుంటే ఈ మట్టి రాళ్లు, వాటి మీద అతుకుల కాగితాలు చూసి నన్ను ఏమనుకుంటాడో అని అవ్వకు దిగులు పట్టుకుంది. అన్నింటినీ తొట్లో నానబెట్టి, కుంకుడు రసంతో తోమి, మంచం మీద ఆరబెట్టింది. మేం గడపలో అడుగు పెట్టగానే మురిసిపోతూ అంది: “చూడప్పా, ఎంత శుభ్రంగా ఉండాయో!”

ఒక్క రాయి మీదా కాగితం లేదు. కాగితం లేని రాయి ఒట్టి రాయి. నా చదువు తొట్టినీళ్లలో కలిసిపోయిందని పైకే ఏడ్చేశాను. సంగతి అర్థమై అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గురువుగారు అగ్గి మీద గుగ్గిలమవుతారనుకున్నాను. ఆయన రాళ్ల వైపు చూశారు, అవ్వ వైపు చూశారు, మంచం అంచున కూర్చొని తాగడానికి నీళ్లడిగారు. మా ఇంటి నీళ్లా సామీ అని ఆమె తటపటాయిస్తుంటే చెయ్యి చాచి చెంబు అందుకొని తాగారు. తాగి, కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వారు. కొండలు ఎక్కడికీ పోలేదురా, మళ్లీ పోయి తెచ్చుకో, పై ఏటి ఉపకారవేతనం సంగతి నేను చూసుకుంటానన్నారు. అన్నట్టే పెద్దలతో పోట్లాడి గడువు సాధించారు.

తెల్లారేసరికి తాత దూదేకే పని పక్కన పెట్టి బండి కట్టాడు. వద్దంటే వినకుండా అవ్వ కూడా సంగటి మూటతో ఎక్కి కూర్చుంది. ఇక చూడండి, తాత నీళ్లకుండ రాళ్ల దరిదాపుకు రావడానికి లేదు. కాయితం తడిస్తే నా బిడ్డ చదువు పోతాది, దూరం పెట్టు ముసలోడా అని ఒకటే అరుపులు! అట్లా కొండ కొండా తిరిగి, పోయినదంతా మళ్లీ చేర్చుకున్నాను. డాక్టరేటు వచ్చింది. నా వెనక వచ్చినవాళ్లకు ఆ తలుపు మూసుకోలేదు.

ఇప్పటి పిల్లలకు వసతిగృహాలున్నాయి, ఉపకారవేతనాలున్నాయి, దారి చూపే ఆఫీసులున్నాయి. వాటిలో కొన్నింటి కోసం నేనూ గొంతు చించుకున్నవాణ్ణే, సంతోషమే. చెంబు ఎత్తి పోసేవాళ్లు ఇప్పుడు కనబడరు గానీ, మా మేడమీది పిల్లను మాత్రం ఇల్లు అద్దెకు అడిగిన ప్రతిచోటా మెత్తగా అదే, మీరేమోళ్లన్న ప్రశ్న వేశారట. అవ్వ ఇల్లున్న చోట రోడ్డు పడింది, ఆమెను ఎరిగినవాళ్లు ఆ ఊళ్లో లేరు. సాయం చేసేవాళ్లు ఈనాడు శానామంది, తెలిసి చేస్తారు, పద్ధతిగా చేస్తారు, వాళ్లకు దండం. నా చదువేమిటో ఒక్క ముక్క తెలియకపోయినా, నా పరువు నిలవాలని ఒక పూటంతా నడుం వంచి నా రాళ్లు తోమిన మనిషి మాత్రం నాకు మళ్లీ దొరకలేదు.