మస్కట్ నుంచి మోసుకొచ్చిన మొద్దు

మస్కట్‌లో ఉన్న ఆ రెండేళ్లూ నేను ఫోనులో మాత్రం గొప్ప పనివాణ్ణి. కొత్తపేటలో మా పెదనాన్నగారు లేత్ మిషను మీద మంచం కోళ్లు, పప్పుగుత్తులు తిప్పడంలో పేరున్న మనిషి. చిన్నప్పుడు నన్ను ఉలి ముట్టుకోనిచ్చేవారు కాదు ("అన్నం తినడానికి వేళ్లుండాలిరా" అనేవారు). ఆ ఉక్రోషంతో, మస్కట్‌లో ఓ వడ్రంగి షాపులో తలుపులకి సాండ్ పేపరు రుద్దుకునే నేను, "ఇక్కడ లేత్ పనంతా నాదేనండి" అని చెప్పేసేను. ఆయన ఎంత సంబరపడిపోయేరంటే, ఇంక ఆ మాట వెనక్కి తీసుకోలేకపోయేను.

సెలవుకి వచ్చేముందు, అక్కడి తోటలో కొట్టేసిన సిద్ర్ చెట్టు మొద్దొకటి అడిగి తెచ్చుకున్నాను. పెట్టెలో చోటు చాలక అమ్మ అడిగిన దుప్పటీ, చెల్లి అడిగిన సెంటూ వదిలేసేను. ఇంట్లో ఎవరూ రెండ్రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

పెదనాన్నగారు మొద్దుని గోటితో గీసి, ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "ఇది రేగు కర్రరా."

"కాదండి, అరబ్బు చెట్టండి."

"అయితే అరబ్బు రేగు. కాయలెలా ఉంటాయి?"

ఆ కాయలు నేను దోసిళ్లతో తిన్నవాణ్ణే. రేగుకాయలే! (ఆకాశంలో అంత దూరం మోసుకొచ్చింది రేగుమొద్దు.)

ఆయన నవ్వలేదు. పళ్లిచ్చే చెట్టుని మనం కొట్టం కాబట్టి, తనూ రేగుని ఎప్పుడూ తిప్పలేదన్నారు. మొద్దుని మిషనుకి బిగించి ఉలి నా చేతికిచ్చేరు. "గిన్నె తియ్యి, చూస్తాను."

అప్పుడైనా చెప్పెయ్యాల్సింది. చెప్పలేదు. తిరుగుతున్న మొద్దుకి ఆనించగానే ఉలి కర్రలో పట్టేసింది. మొద్దు ఊడి నా చెవి పక్కనుంచి ఎగిరి, రేకు తలుపుకి సొట్ట పెట్టింది. మిషను ఆపి, ఆయన నా మొహం, చెవులు, వేళ్లు ఒక్కొక్కటీ తడిమి చూసేరు. నాకు ఏడుపొచ్చేసింది.

"నాకు రాదండి పెదనాన్నగారూ. తలుపులు రుద్దుతానండి అక్కడ."

"నీ అరచేతిలో ఉలి పట్టిన కాయ లేదు, చూసిన రోజే తెలిసిందిరా. నువ్వే చెబుతావని ఉలిచ్చి చూసేను. తప్పు నాది."

తర్వాత నా వెనక నిలబడి, నా చేతుల మీద చేతులేసి ఉలి పట్టించేరు. సాయంత్రానికి ఓ వంకర గిన్నె తేలింది. ఎదురింటి మాస్టారు వచ్చి, "ఎవరు చేసేరండీ?" అనడిగేరు.

"ఆయ్, మావాడేనండి. మస్కట్‌లో నేర్చుకొచ్చేడు," అన్నారు పెదనాన్నగారు, నా వైపు చూడకుండా. ఆయన నోట నేను విన్న అబద్ధం అదొక్కటే.

దాన్ని నిజం చెయ్యడానికి నాకు ఐదేళ్లు పట్టింది. ఇప్పుడు అమలాపురంలో నాకో లేత్ ఉంది, ఆయన లేరు. అప్పటి నన్ను తలుచుకుంటే కోపం రాదు. పాపం, ఎంత బరువు మోసుకొచ్చేడు కుర్రాడు, అని నవ్వొస్తుంది.