రొయ్యలు పడిన చోటు

బడి ముందర ఆ గొడవ జరిగింది ఆదివారం, సాయంత్రం నాలుగు గంటలకు. ఈ రోజు ఫోను మోగిందీ ఆదివారమే, నాలుగింటికే. పట్ట మీద ఆరబోసిన రొయ్యల ఉప్పు వాసన, పక్కన ఫోను టింగుమన్న చప్పుడు. ఆ రెండూ కలిస్తే నాకు గుర్తొచ్చేది వసంత టీచరే. పులికాట్ ఒడ్డున ఉన్న మా ఊరి బడికి సూళ్లూరుపేట నుంచి వచ్చేది. బదిలీ అయి ఇప్పుడు నాయుడుపేట దగ్గర చెబుతోంది. మీరామెను చూసి ఉండరు. చూసినా గమనించరు, సన్నటి మనిషి, గొంతు పెద్దది కాదు.

వచ్చిన కొత్తలోనే పిల్లల ఇళ్లవాళ్లందరినీ ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చింది. మాలో చాలామందికి చదువు రాదని తెలిశాక రాసి పంపడం మానేసి, గొంతుతో పంపేది. “ఈ పొద్దు తూకాలు చెప్పినాను. రొయ్యలు తూచేటప్పుడు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి” అని. మనవరాలు సుగుణ కోసం నన్నూ చేర్చింది. ఒకనాడు, నువ్వూ అక్షరాలు నేర్చుకో అంది.

“కాటికి కాళ్లు చాపినదాన్ని, నాకెందుకు తల్లీ?”

“కాళ్లు చాపుకో అవ్వా. చేతులు ఖాళీగానే ఉండాయి కదా!”

పలక మీద తన చెయ్యి మాత్రమే కనిపించేలా ఒక్కో అక్షరం వీడియో తీసి పంపేది. ఎన్నిసార్లు తిప్పి చూసినా ఫోను విసుక్కోదు. తడి ఇసుకలో వేలితో దిద్దాను. పీతల వల గురించి నేను చెప్పిన మాటలను ఆమె టైపు చేసి తరగతిలో చదివించేది. నా మాటలు నేనే చదువుకున్న రోజు సంతోషంలో అన్నం మాటే మరిచిపోయాను.

తర్వాత పిల్లల చేత ‘మా ఊరి పని’ అని వీడియోలు చేయించి, అందరూ చూసే పేజీలో పెట్టింది. అందులో సుగుణ, వాళ్ల నాయన బుట్టను తను పట్టుకుని, రొయ్యలు ఏ దిబ్బ పక్కన పడ్డాయో గర్వంగా చెప్పేసింది. మాలో ఆ మాట బయటపెట్టరు. “యాడ పడినాయబ్బా?” అని అడిగితే “నీళ్లలో” అంటారు. ఆ కట్టుబాటు టీచరుకు తెలియదు. తెల్లారేసరికి ఆ దిబ్బ చుట్టూ పక్క ఊరి పడవలు.

ఆ ఆదివారం బడి ముందర ఊరంతా చేరింది. ఊరి పెద్ద పోలయ్య తేల్చేశాడు: “బళ్లో ఫోను మూసేయాల. లేదంటే మా పిల్లోళ్లను పంపేది లేదు.”

టీచరు కదల్లేదు. “తప్పు నాదే. వీడియో తీసేసినాను. ఫోను మాత్రం మూసేయను. పిల్లలు ఎట్లా అయినా చూస్తారు. చూపించే ముందు ఆలోచించమని చెప్పేవాళ్లు ఉండొద్దా?”

“మాకే నేర్పుతాదా ఈయమ్మ!” అన్నాడు పోలయ్య.

నేను లేచాను. అతని కొడుకు శీనయ్య అందరూ చూసేలా పెట్టిన ఫోటోను నా ఫోనులో తెరిచాను. నిండు వల, వెనకాల అదే దిబ్బ. కింద రాసింది కూడబలుక్కుని అందరికీ వినిపించేలా చదివాను: “మా... దిబ్బ... కాడ... పంట.”

“ఏమబ్బా పోలయ్యా, వీని ఫోను ఎప్పుడు మూస్తావు? టీచరమ్మదైతేనే మూయాలనా?”

జనం నవ్వారు. శీనయ్య తల వంచాడు.

“రెండక్షరాలు వచ్చేసరికి నోరు లేచిందే అవ్వకి!” అన్నాడు పోలయ్య.

“నోరు ఎప్పుడూ ఉండాది. ఇప్పుడు కండ్లొచ్చినాయి.”

ఫోను మూయలేదు. సోమవారం నుంచి బడిలో కొత్త పద్ధతి మొదలైంది: ఏదైనా బయటికి పంపే ముందు, దాన్ని ఎవరెవరు చూస్తారో పిల్లలే చెప్పాలి. సుగుణ ఠక్కున చెప్పింది: “పక్క ఊరి పడవలోళ్లు!” ఆ వీడియోను దిబ్బ మాట లేకుండా, బడి గోడ ముందు నిలబడి మళ్లీ తీశారు.

ముసలిదానికి ఫోనెందుకని ఇప్పటికీ అడుగుతారు. చదవడానికి, అంటాను. పంపే ముందు మాత్రం ఆగి, ఎవరు చూస్తారని నన్ను నేనే అడుగుతాను.

ఇందాక టింగుమన్నది టీచరు గొంతే. “ఈడ కూడా ఫోను వద్దంటుండారు అవ్వా. ఆ పొద్దు అక్కడుండినోళ్ల పేర్లు రాసి పంపు, మీ ఊరు ఒప్పుకుందని ఈడోళ్లకు చూపిస్తాను.”

ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి, పేరు పెట్టేదా అని అడిగాను. పోలయ్య కాసేపు గొణిగి, “పెట్టుకో. నాది ముందు పెట్టు” అన్నాడు. పెట్టాను. నా చేత్తోనే రాశాను.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లం: పోలయ్య, ఆయన కొడుకు శీనయ్య, సుగుణ, సుగుణ నాయన వెంకటేశు, వసంత టీచరు, మా ఊరి జనమంతా, మునెమ్మ అనే నేను.