అడగని ప్రశ్నకు రాసిన జవాబు

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది, జూలైలో ఒక మంగళవారం నాడు ఓపీ రిజిస్టరులో నేనొక అబద్ధం రాశాను. అప్పుడు మహబూబాబాద్ జిల్లా గూడూరు వైపు, అడవి అంచున ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యాధికారిని. రోగిని అడగకుండానే, ఆమె పరీక్షకు ఒప్పుకోలేదని రాశాను. రాసేటప్పుడు అది అబద్ధమని నాకు తోచను కూడా లేదు.

మా హోదాను సివిల్ అసిస్టెంట్ సర్జన్ అంటారు. పేరులో సర్జన్ ఉన్నా కత్తి పట్టే పని ఉండదు. జ్వరాలు, టీకాలు, కాన్పులు, నెలవారీ నివేదికలు, ఇవే. జనగామ దగ్గర ఉద్యోగంలో చేరి, కాటారం, రేగొండ ప్రాంతాల్లో చాలా ఏళ్ళు పనిచేసి అక్కడికి వచ్చాను. కాటారం వైపు ఉన్న తొలి రోజుల్లో ఒకామెకు లోపలి పరీక్ష చేయాలన్నందుకు ఆమె భర్త నా గదిలోకి వచ్చి కాలర్ పట్టుకున్నాడు. ఆ సంగతి విని నా సీనియర్ ఒకాయన ఉపాయం చెప్పాడు. ఆడవాళ్ళ కేసు వస్తే ‘నాట్ విల్లింగ్’ అని రాసెయ్యి, రేపు ఏమైనా నీ మీదికి రాదు అన్నాడు. అప్పటినుంచి అదే రాస్తూ వచ్చాను. నేనొక్కడినే కాదు, నాకు తెలిసిన మగ డాక్టర్లలో చాలామంది అదే రాసేవారు. అది మమ్మల్ని మేము కాపాడుకునే పద్ధతి. మర్యాద అని పేరు పెట్టుకున్నాం.

ఆ మంగళవారం బయట ముసురు. జ్వరాల రోజులు కావడంతో వరండా నిండిపోయింది. కొమురమ్మ అనే ఆమె తన ఆడబిడ్డ బుచ్చమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. ఓపీ చీటీ మీద వయసు యాభై నాలుగు అని ఉంది. పత్తి ఏరడానికి, మిరప తోటల్లో కాయ తెంపడానికి కూలికి పోయే మనిషి. ఆమె తల వంచుకుని కూర్చుంది. బుచ్చమ్మే మాట్లాడింది.

“మా వదినకు మల్ల చిన్నతనం వచ్చింది సారూ. ఐదేండ్ల కింద బందైన ముట్టు మల్ల మొదలైంది. మా అన్నకైతే పరేషానే.”

“ఊకో బుచ్చీ, నీ నోట్లె మన్నువడ,” అంది కొమురమ్మ. వెనక నిలబడ్డవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

వైద్యం చదివిన మొదటి ఏళ్ళలోనే మాకు నేర్పే విషయం ఒకటుంది. నెలసరి పూర్తిగా ఆగిపోయి ఏడాది దాటిన స్త్రీకి మళ్ళీ రక్తం కనిపిస్తే, కాదని తేలేవరకు దాన్ని క్యాన్సర్‌గానే అనుమానించాలి. అందుకు మొదటి మెట్టు లోపలి పరీక్ష. కాన్పుల గదిలో బల్లమీద పడుకోబెట్టి, స్పెక్యులమ్ అనే పరికరంతో గర్భాశయ ముఖద్వారాన్ని కంటితో చూడటం. ఐదు నిమిషాల పని. మా దగ్గర బల్ల ఉంది, లైటు ఉంది, పరికరం ఉంది, రజిత అనే మంచి స్టాఫ్ నర్సు ఉంది. ఆమే నన్ను అడిగింది కూడా.

“సార్, టేబుల్ మీద పండుకోబెట్టాల్నా?”

“వద్దమ్మా, వీళ్ళు ఒప్పుకోరు,” అన్నాను.

ఆ మాట కొమురమ్మకు వినపడేంత దగ్గరలోనే అన్నాను. ఆమె ఒకసారి తలెత్తి నావైపు, తర్వాత రజితవైపు చూసింది. రక్తం ఆగే మాత్రలు ఐదు రోజులకు, ఐరన్ మాత్రలు నెలకు రాసి, రిజిస్టరులో ‘నాట్ విల్లింగ్’ అనే ఆ రెండు ముక్కలు రాసి, తర్వాతి చీటీ తీసుకున్నాను.

సెప్టెంబరులో ఆమె మళ్ళీ వచ్చింది, ఈసారి ఒక్కతే. స్టూలు మీద కూర్చోకుండా తలుపు దగ్గరే నిలబడింది. దగ్గరికి రమ్మంటే, “వాసనొస్తది సారూ, ఈన్నే ఉంట,” అంది. ఇన్ఫెక్షన్ అనుకుని వారం రోజుల మాత్రలు రాశాను. మళ్ళీ అవే రెండు ముక్కలు రాశాను. వీలున్నప్పుడు మానుకోట, అంటే మహబూబాబాద్, పెద్ద దవాఖానకు పోయి లేడీ డాక్టరుకు చూపించుకొమ్మన్నాను. రెఫరల్ చీటీ ఇవ్వలేదు, తొందరగా పొమ్మని చెప్పలేదు. వీలున్నప్పుడు అనే మాటకు కూలికి పోయే ఆడమనిషి జీవితంలో అర్థం ఏమిటో నాకు తెలియనిది కాదు. పత్తి ఏరుడు మొదలైంది. ఆమెకు వీలు కాలేదు.

జనవరిలో మిరప తోటలో ఆమె కళ్ళు తిరిగి పడిపోతే 108లో తీసుకొచ్చారు. చీర కింది సగం తడిసి ఉంది. ఒంట్లో రక్తం ఉండాల్సినదానిలో సగం కూడా లేదు. అప్పుడు మాత్రం ఆమె ఒప్పుకోదని నేను అనుకోలేదు. రజిత తెర లాగింది, కొమురమ్మ తనంతట తానే బల్ల ఎక్కింది. స్పెక్యులమ్ పెట్టి చూస్తే ముఖద్వారం ఉండాల్సిన చోట గోబీపువ్వులాంటి గడ్డ. దూది తగిలితే చాలు, రక్తం. రజిత నావైపు చూడలేదు. నేను చేతి తొడుగులు తీసి, వరంగల్ పెద్దాసుపత్రికి రెఫరల్ రాశాను. నిబంధన ప్రకారం అంతకుముందు రెండుసార్ల ఓపీ వివరాలు కూడా జతచేశాను.

అక్కడ గడ్డలోంచి ముక్క తీసి చేసిన పరీక్షలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని తేలింది. మూడో దశ. ఆపరేషన్ సమయం దాటిపోయింది. రక్తం ఎక్కించి, హైదరాబాద్ పంపి, రేడియేషన్ ఇచ్చారు. జూలైలోనే చూసి ఉంటే ఆమె తప్పక బతికేదని నేను చెప్పలేను. బతికే అవకాశం ఎక్కువ ఉండేదని మాత్రం చెప్పగలను. ఆ అవకాశాన్ని తీసేసింది నేనే.

ఏప్రిల్‌లో వదినా మరదళ్ళిద్దరూ మళ్ళీ వచ్చారు. కొమురమ్మ సగం అయిపోయింది. బుచ్చమ్మ చీటీ రాయించుకోలేదు, వరసలో నిలబడలేదు. నేరుగా నా బల్ల ముందుకొచ్చింది.

“ఒక్కటడుగుత చెప్పు సారూ. మా వదిన ఎన్నడు ఒద్దన్నది?”

నాకు వెంటనే అర్థం కాలేదు. సంగతి బుచ్చమ్మే చెప్పింది. రేడియేషన్ చోట ఒక డాక్టరు నా కాగితాలు చూసి, మొదటే పరీక్షకు ఒప్పుకుని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు కదమ్మా అన్నాడట. పక్కనే ఆమె భర్త, పెద్దకొడుకు ఉన్నారు. ఆ రోజునుంచి ఇంట్లో అదే మాట. సిగ్గుపడి ప్రాణం మీదికి తెచ్చుకున్నావని భర్త, మందులకు, తిరుగుడుకు విసిగినప్పుడల్లా కొడుకులు.

కొమురమ్మ కూర్చుని, ఊపిరి తీసుకుంటూ మెల్లగా మాట్లాడింది.

“ముగ్గురిని కన్న సారూ. చిన్నోన్ని గీ దవాఖానలనే కన్న. పిల్లలు కాకుంట ఆపరేషన్ క్యాంపుల మొగ డాక్టరే చేసిండు, గప్పుడు నాకు ఇరవై మూడేండ్లు. గప్పుడు లేని సిగ్గు ముసల్దాన్ని అయినంక వస్తదా? సిస్టర్ పండుకోబెట్టాల్నా అంటే నువ్వే ఒద్దంటివి. డాక్టరే ఒద్దన్నడంటే అక్కర లేదేమో అనుకున్న.” కొంచెం ఆగి అంది, “నేను చచ్చేదాన్ని ఎట్లైనా చస్త. గని నేనే ఒద్దన్న అని మా ఇంట్ల అంటాండ్రు. నా పిల్లలు రేపు గదే అనుకుంట బతుకుతరు. నువ్వొచ్చి చెప్పు.”

వస్తానన్నాను. వెళ్ళలేదు. ఇది నా రెండో తప్పు, మొదటిదానికంటే పెద్దది, ఎందుకంటే ఇది తెలిసి చేసింది. నోటితో ఒప్పుకుంటే కాగితం మీదికి వస్తుందని, కొడుకులు ఫిర్యాదు చేస్తారని, సర్వీసు చివర్లో విచారణ మొదలైతే పెన్షన్ ఆగుతుందని లెక్కలు వేసుకున్నాను. అలా పద్దెనిమిది రోజులు గడిచాయి. ఒక ఉదయం రజిత ఇంజక్షన్ల ట్రే సర్దుతూ, నావైపు తిరగకుండానే అంది: “కొమురమ్మ పెద్దమ్మ మంచం పట్టిందంట సార్. నిన్న వాళ్ళ ఊరి ఆశా వర్కర్ చెప్పింది. మీరు పోయిండ్రా అని ఆమెనే అడిగింది. పోలేదని చెప్పిన.”

ఆ మధ్యాహ్నం ఓపీ ముగిశాక రజితను తీసుకుని కొమురమ్మ ఊరు వెళ్ళాను. రేకుల షెడ్డు కింద మంచంలో కొమురమ్మ ఉంది. భర్త, ఇద్దరు కొడుకులు పొలంనుంచి వచ్చి అన్నాల దగ్గర ఉన్నారు. కుర్చీ వేశారు, నేను కూర్చోలేదు. మీ అమ్మ వద్దనలేదు, నేను అడగలేదు, అడగకుండానే ఒప్పుకోలేదని రాశాను, రెండుసార్లు రాశాను అని చెప్పాను. పెద్దకొడుకు చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. చిన్నవాడు లేచాడు. కొడతాడనుకున్నాను. తండ్రి వాడి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, నాతో కాదు, మంచంవైపు తిరిగి అన్నాడు: “జర చెప్పకపోతివే.”

“చెప్పిన. నువ్వినకపోతివి,” అంది కొమురమ్మ. ఆ తర్వాత నావైపు చూసి, “ఇగ పో సారూ,” అంది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

మర్నాడు రిజిస్టరు తీశాను. ప్రభుత్వ రిజిస్టరులో రాసినదాన్ని చెరపకూడదు. కింది అక్షరాలు కనిపించేలా ఎర్ర సిరాతో ఒక గీత గీసి, సరైన మాట రాసి, తేదీ వేసి సంతకం పెట్టాలి. రెండు చోట్లా అలాగే చేసి, ‘అడగలేదు’ అని రాశాను. ఆ పేజీల నకళ్ళు జతచేసి జిల్లా వైద్యాధికారికి నేనే లేఖ రాశాను. మెమో వచ్చింది, సంజాయిషీ ఇచ్చాను, ఒక ఇంక్రిమెంట్ ఆపారు. పోయిన ప్రాణంతో పోలిస్తే అది శిక్షే కాదు. కొమురమ్మ జూన్‌లో చనిపోయింది.

మా శాఖ పద్ధతి గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా ఊరూరి జాబితాలు పెళ్ళయిన స్త్రీని పిల్లలు కనే వయసులోనే లెక్కిస్తాయి. గర్భం వస్తే నమోదు, కాన్పయితే నమోదు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయితే నమోదు. ఆ తర్వాత ఆమె పేరు మెల్లగా కాగితాల్లోంచి జారిపోతుంది. కొమురమ్మకు ఇరవై మూడేళ్ళప్పుడు ఆమె కోసం ఆపరేషన్ క్యాంపు జీపు ఇంటిముందుకు వచ్చింది. యాభై నాలుగేళ్ళప్పుడు ఆమే నడిచి వస్తే నేను కుర్చీలోంచి లేవలేదు. పద్ధతిలో లోపం ఉంది నిజమే, కాని ఆ మంగళవారం కుర్చీలో కూర్చున్నది పద్ధతి కాదు.

నాకు మిగిలిన సర్వీసులో ఒక జాబితా చేయించాను. మా పరిధిలోని ప్రతి ఊళ్ళో నెలసరి ఆగిన స్త్రీల పేర్లు ఆశా కార్యకర్తలతో రాయించాను. ముఖద్వారం మీద వెనిగర్ లాంటి పలచని ద్రావణం పూసి, తెల్లమచ్చ వస్తుందేమో చూసే పరీక్ష ఒకటుంది. రజిత, నేను వరంగల్ వెళ్ళి అది నేర్చుకున్నాం. గురువారాలు దానికే కేటాయించాం. పరీక్ష అంటే ఏమిటో రజిత వివరించి, చేయించుకుంటావా అని అడిగేది. రోగి ఏమంటే అదే, ఆమె మాటల్లోనే, రిజిస్టరులో రాసేవాళ్ళం. కొందరు నిజంగానే వద్దన్నారు. నేను ఊహించుకున్నంత మంది కాదు.

మొదటి గురువారం ఎవరూ రాలేదు. రెండో గురువారం బుచ్చమ్మ వచ్చింది. వదిన పోయి అప్పటికి రెండు నెలలు.

“నన్ను గూడ అడుగు సారూ,” అంది. “ఒద్దంట. గని అడుగు.”

అడిగాను. చెప్పులు విడిచి లోపలికి నడిచింది.

పదవీ విరమణ తర్వాత జనగామలో ఉంటున్నాను. కొత్తగా చేరే వైద్యాధికారుల శిక్షణకు పిలిచినప్పుడల్లా వెళ్ళి, నేను ఏమి రాశానో, ఎందుకు రాశానో వాళ్ళకు చెబుతాను. రోగి సిగ్గు గురించి డాక్టరు తనంతట తాను నిర్ణయించకూడదు. కుదిరిన గురువారాల్లో రజిత పనిచేసే చోటికి బస్సులో వెళ్తాను. బల్ల దగ్గర పని ఆమెది. నేను వరండాలో కూర్చుని, వచ్చినవాళ్ళ పేర్లు, వాళ్ళు చెప్పిన జవాబులు రాస్తాను.