రీలు మారే మూడు నిమిషాలు

మా బావ సినిమా హాల్లో ఆపరేటరు. తెర మీద బొమ్మ పడేలా మెషిన్లు నడిపే మనిషి. ముప్పై ఏళ్ళు ఆ మేడమీది గదిలో, జానెడు కిటికీలోంచి సినిమాలు చూసి చూసి, ఇంట్లో ఎవరు గొంతు పెంచినా "ఇంటర్వెల్ దగ్గరపడినట్టుంది" అనేవాడు. ఆయన్ని ఆటపట్టించడం నా జన్మహక్కు. మా అక్క మొగుడు మరి.

బావకి ఇంకో పని కూడా ఉండేది. వెండితెర నవలలు రాసేవాడు. కొత్త సినిమా వచ్చిన వారంలోపు ఆ కథంతా నవలగా అచ్చయి బస్టాండు కొట్లలో వేలాడాలి. పుస్తకాలాయన చేసే వ్యాపారం అది. ప్రచురణకర్త అనాలేమో, ఊళ్ళో ఎవరూ అనలేదు. ఒకే సినిమాని అన్నిసార్లు చూసేవాడు ఆపరేటరు కాక ఇంకెవరున్నారని ఆయన మా బావని పట్టుకున్నాడు. బావ పెన్సిలుతో రాసేవాడు, నేను టైపు చేసేదాన్ని. నేను టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేదాన్ని. కోడి కెలికినట్టుండే ఆ రాత చదవగలిగింది కూడా నేనొక్కదాన్నే.

ఆ నవలల్లో వింతలకేం తక్కువ లేదు. పాటలని ఒక్క వాక్యంలో తేల్చేసేవాడు: "ఇద్దరూ తోటలో చాలాసేపు పాడుకున్నారు." ఫైటింగులకి మాత్రం లెక్క ఉండేది: "పదకొండు మందిని కొట్టాడు. పన్నెండోవాడు పారిపోయాడు." హీరో అందం వర్ణించాల్సిన చోట ఒకసారి "మీకు తెలిసిందే" అని రాశాడు. నేను టైపు చెయ్యనని మొండికేశాను.

అసలు వింత వేరే ఉంది. ఇరవై నిమిషాలకో రీలు అయిపోతుంది. అది అయిపోయేలోపు పక్క మెషిన్‌లో తర్వాతి రీలు ఎక్కించి, వెలుతురు సరిచూసుకుని, సిద్ధంగా నిలబడాలి. ఆ మూడు నిమిషాలూ తెరవైపు చూడ్డానికుండదు. వంద ఆటలు ఆడించినా వందసార్లూ అవే మూడు నిమిషాలు ఎగిరిపోతాయి. ఒక సినిమాలో భార్య పెట్టె సర్దుకుని గుమ్మం దాటుతుంది. బావ రీలు ఎక్కించి తలెత్తేసరికి మొగుడూ పెళ్ళాలిద్దరూ పడవలో నవ్వుకుంటూ ఉంటారు. మధ్యలో ఏమైందో హాల్లో ఏడొందల మందికి తెలుసు, బావకి తెలీదు.

"దానికేం, నేను చూసొచ్చి చెప్తాను" అన్నాను మొదట్లో. చూసొచ్చి చెప్పాను కూడా.

"తిరిగొచ్చి ఆయన కాళ్ళమీద పడింది బావా. తర్వాత పాట."

బావ పెన్సిలు కింద పెట్టేశాడు. "ఇంతేనా? దీనికోసమా నేను చెమటలు కక్కుతూ రీలెక్కించింది?"

అప్పుడు వంటింట్లోకి వెళ్ళి అక్కని అడిగాడు. సినిమా కథ అని చెప్పే అడగొచ్చు. కానీ అక్కకి సినిమాలంటే గిట్టదు. చీకట్లో కూర్చుంటే తలనొప్పి, నవల పట్టుకుంటే నిద్ర. అందుకని బావ, "మా గేట్‌మన్ తమ్ముడి భార్య అలిగి వెళ్ళిపోయిందట. రేపు తిరిగొస్తోంది. వచ్చాక ఏం చేస్తుందంటావు?" అన్నాడు.

అక్క బీన్స్ తరగడం ఆపకుండానే చెప్పింది.

"ఏం చేస్తుంది, ముందు ఇల్లంతా ఓసారి చూస్తుంది. మొక్కలకి నీళ్ళు పోశారా అంటుంది. పోశానంటే సగం కోపం పోయినట్టే. పొయ్యలేదంటే తనే చెంబు తీసుకుని వెళ్తుంది. ఆయన వెనకాలే వెళ్ళి ఆ చెంబు అందుకుంటే సరి. క్షమించమని ఎవరూ అనరండీ. అలా అనుకోగలిగేవాళ్ళు అసలు అలగరు."

బావ ఉన్నదున్నట్టు రాసేశాడు. ఆ నవలకి నలభై ఉత్తరాలొచ్చాయి. అన్నీ మొక్కల గురించే. నవల చదివి సినిమాకొచ్చినవాళ్ళు, మొక్కల సీను కోసేశారంటూ గేట్‌మన్‌తో గొడవపడ్డారు. పాపం ఆయనకి అసలు తమ్ముడే లేడు.

అలా ఆరేళ్ళు గడిచాయి. రోజూ పొద్దున, హాలుకి వెళ్ళేముందు బావ వంటింట్లో స్టూలేసుకుని కూర్చుని ఎవరిదో ఒకరి కష్టం చెప్పేవాడు. అక్క లెక్కలో బావకి ఊరినిండా స్నేహితులు, ఒక్కరి బతుకూ తిన్నగా లేదు. కవలపిల్లలు రైల్వే స్టేషన్లో తప్పిపోయారంటే, "ఇద్దరూ ఒకేసారి ఎలా తప్పిపోతారండీ? ఆ తల్లి చేత్తో ఏం పట్టుకుంది?" అని నిలదీసింది. తలకి దెబ్బ తగిలి గతం మరిచిపోయినాయన సంగతి విని, "ఇంకో దెబ్బ కొడితే గుర్తొస్తుందని ఎవరైనా అంటే వినకండి. డాక్టరుకి చూపించండి" అంది. కళ్ళులేని తల్లి ఒకావిడ కొడుకు కోసం ఎదురుచూస్తోందని చెప్పిన రోజు మాత్రం చాకు పక్కన పెట్టి, బీరువాలోంచి కొత్త రగ్గు తీసి బావ చేతిలో పెట్టింది. "చలి ఎక్కువగా ఉంది. ఆవిడకివ్వండి."  బావ ఆ రగ్గు చంకన పెట్టుకుని వెళ్ళి మెషిన్ గదిలో దాచాడు.

"చెప్పెయ్యరాదూ బావా" అనేదాన్ని.

"చెప్తే పుట్టి మునుగుతుంది."

నిజమే. మా అక్క పక్కింటివాళ్ళతో ఒక మాట అంటూండేది: "మా ఆయన ఎవరికే కష్టమొచ్చినా ముందు నన్నే అడుగుతారు." అలా అంటున్నప్పుడు అక్క ముఖం వెలిగిపోయేది. చదువు అబ్బలేదని, నోరు మంచిది కాదని చిన్నప్పట్నుంచీ మాటలు పడ్డ మనిషి. బావ భయం నవలలు ఆగిపోతాయని ఒక్కటే కాదు, ఆ ముఖం మళ్ళీ కనిపించదని. నాదీ అదే భయం. అందుకే తేలు కుట్టిన దొంగల్లా ఇద్దరం నోళ్ళు మూసుకున్నాం.

ఒక ఆదివారం పుస్తకాలాయన ఇంటికే వచ్చేశాడు. మొక్కల నవల మళ్ళీ అచ్చు వేస్తున్నాడట, మనిషి పట్టలేని సంతోషంలో ఉన్నాడు. బావ కళ్ళతో సైగలు చేస్తూనే ఉన్నాడు, ఆయన జేబులోంచి ఉత్తరం తీసి గొంతెత్తి చదువుతూనే ఉన్నాడు. "మొక్కలకి నీళ్ళు పోశారా అని ఆమె అడిగిన చోట నేనూ మావారూ..."

అక్క టీ తెస్తూ గుమ్మంలో ఆగిపోయింది. "ఇది మీ గేట్‌మన్ తమ్ముడి భార్య సంగతి కదూ? పాపం, ఆవిడ గురించి పుస్తకంలో ఎందుకు రాశారండీ?"

"తమ్ముడి భార్యేమిటమ్మా! హీరోయినూ!" అన్నాడు మహానుభావుడు.

అక్క పళ్ళెం బల్లమీద పెట్టింది.  ఆయన టీ తాగి, కొత్త సినిమా నవల శనివారానికి కావాలని చెప్పి వెళ్ళేదాకా ఆగి, బావవైపు తిరిగింది.

"కళ్ళులేని ఆవిడో?"

"సినిమానే."

"కవలపిల్లలు?"

"వాళ్ళూ..."

"రగ్గు?"

"మెషిన్ గదిలో ఉంది."

నాకు నవ్వాగలేదు. అక్క నావైపు చూసింది. "నీకూ తెలుసా?" అంది. నా నవ్వు అక్కడికక్కడే చచ్చింది. సొంత అక్కని ఆరేళ్ళు వెర్రిదాన్ని చేశానని అప్పుడు తెలిసొచ్చింది, సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"వాళ్ళందరి గురించీ పక్కింటావిడతో చెప్పుకుని ఏడ్చాను" అంది అక్క. "నన్ను అడుగుతున్నారు కదా అని ఎంత పొంగిపోయానో. మీకు కావలసింది కాగితం నిండటం."

 మూడు రోజులు ఆ ఇంట్లో "ఉప్పు సరిపోయిందా", "సరిపోయింది" తప్ప మాటల్లేవు.

కొత్త సినిమాలో ఒక ఆఫీసు యజమానురాలు. చనిపోయాడనుకున్న తండ్రి, తన కారు డ్రైవరేనని తెలుసుకుంటుంది. సరిగ్గా అక్కడే రీలు మారుతుంది. బావ సొంతంగా రాసి చూశాడు. ఒక్క పేజీలో ఆమె కళ్ళలో కన్నీళ్ళు నాలుగుసార్లు సుడులు తిరిగాయి. "ఐదోసారి తిరిగితే కళ్ళు ఊడొస్తాయి బావా" అన్నాను. ఆయన నవ్వలేదు.

నాలుగో రోజు పొద్దున స్టూలు లాక్కుని అక్క ముందు కూర్చున్నాడు. ఈసారి దాపరికం లేకుండా సినిమా అని చెప్పే అడిగాడు. అక్క కూడా పంతం పక్కనపెట్టి నిజంగానే ప్రయత్నించింది. చాకు పట్టుకుని గోడవైపు చూస్తూ చాలాసేపు కూర్చుంది.

"ఏమోనండీ. సినిమాలో మనిషి కదా, ఏమైనా చేస్తుంది. పాట పాడుతుందేమో."

"పోనీ, ఇంకోలా ఆలోచించు."

"రావట్లేదు. లేని మనిషి గురించి ఏం చెప్పను?"

బావ కాగితాలు మడిచి పైజేబులో పెట్టుకున్నాడు. "సరేలే. పుస్తకాలాయనతో ఇక రాయనని చెప్పేస్తాను" అంటూ లేచాడు. ఏడుపు ముఖం కూడా కాదది, ఇల్లు ఖాళీ చేసి తాళం వేస్తున్నవాడి ముఖం. 

"కూర్చోండి" అంది అక్క. "ఇదివరకటిలా చెప్పండి."

"ఇదివరకటిలా అంటే అబద్ధం కదా."

"అబద్ధమో నిజమో నేను చూసుకుంటాను. మీరు చెప్పండి."

బావ నావైపు చూశాడు. నేను బీన్స్ గిన్నెలోకి చూశాను. ఆయన మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాడు.

"మా టికెట్లిచ్చే ఆయనకి ఒక మేనకోడలుంది. చిన్నప్పుడే వాళ్ళ నాన్న పోయాడని చెప్పి పెంచారు."

అక్క చేతిలో చాకు ఆగింది. "అయ్యో. ఎన్నేళ్ళ పిల్ల?"

"ఇరవై ఆరు. పెద్ద ఆఫీసు నడుపుతోంది. వాళ్ళ నాన్న బతికే ఉన్నాడు. రెండేళ్ళుగా ఆ పిల్ల కారు నడుపుతున్నది ఆయనే. నిన్ననే తెలిసిందట."

అక్క చాకు గిన్నెలో పెట్టేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒక్కసారే తిరిగాయి.

"రెండేళ్ళుగా వెనకసీట్లో కూర్చుని అటు పద, ఇటు పద అని ఉంటుంది" అంది మెల్లగా. "ఇప్పుడు నాన్నా అని నోరెలా తిరుగుతుంది? పగలంతా ఆయనకి కనిపించకుండా తిరుగుతుంది. సాయంత్రం ఆయన ఎప్పట్లాగే వెనక తలుపు తీసి పట్టుకుంటాడు. ఆ పిల్ల ఆ తలుపు తనే వేసేసి, చుట్టూ తిరిగి వచ్చి ఆయన పక్కన ముందుసీట్లో కూర్చుంటుంది. ఇంటిదాకా ఇద్దరూ ఒక్క ముక్క మాట్లాడుకోరు."

బావ పెన్సిలు తియ్యలేదు. స్టూలు మీద అలాగే కూర్చుండిపోయాడు. కాగితం నేనే అందుకుని రాశాను.

అక్క మోచేత్తో కళ్ళు తుడుచుకుని మళ్ళీ చాకు పట్టుకుంది.

"పాపం, ఎంత బెంగపడుతోందో. ఆ పిల్లని ఒకసారి మనింటికి రమ్మనండి."

"చెప్తాను" అన్నాడు బావ.